కట్ట కింద ఇద్దరు

గుండ్లవాగు కట్ట మీద ఓబులేసు పొద్దున్నే నాటిన గన్నేరు మొక్కల్ని ఎవరో పీకుతున్నారు.

"ఓయ్! ఏం చేస్తాండావ్ ఆడ?"

ఓబులేసు పెడల్ బోటులోంచి ఒక్క దూకు దూకాడు. బోటు ఒక దిక్కుకు, అతని చెప్పు ఇంకో దిక్కుకు పోయాయి.

టోపీ పెట్టుకున్న అమ్మాయి తల కూడా ఎత్తలేదు. ఐదో మొక్కను వేరుతో సహా లాగి పక్కన పెట్టింది.

"పట్టపగలు మొక్కల దొంగతనమా? కావాలంటే అడిగితే ఇస్తాం గదా. సిగ్గుండాల!"

"సిగ్గు మీకుండాల. మట్టికట్ట మీద ఎవరన్నా చెట్లు నాటతారా? వేరు లోపలికి దిగుతాది. అది చచ్చినాక ఆ సందులో నీళ్ళు దూరతాయి."

"నంద్యాల నుంచి ఇంజనీరు సారు వస్తాండాడు. చూసి మెచ్చుకోవాలని నాటినా."

"సారు రాడు." ఆమె టోపీ తీసి మెడలోని కార్డు చూపించింది. "నేనే వచ్చినా. భ్రమరాంబిక, ఏఈ. మెచ్చుకోలేదు."

ఓబులేసు నోరు తెరిచాడు. మూయడానికి కాస్త టైం పట్టింది. దొంగ అనుకున్న మనిషి కళ్ళు ఇంత బాగుంటాయని అతనికి ఎవరూ చెప్పలేదు మరి.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది ఈ గుండ్లవాగు డ్యామ్. డ్యామ్ అన్నాను కదా అని శ్రీశైలాన్ని ఊహించుకోకండి. వాగుకు అడ్డంగా మూడు నిలువుల ఎత్తు మట్టికట్ట, అంతే. దీని కింద ఒక్క ఎకరా కూడా పారదు. జనం సరదాగా తిరగడానికని పంచాయతీ కట్టించింది. నాలుగు హంస బోట్లు, ఒక బజ్జీల అంగడి. నరసింహస్వామిని చూసి వచ్చేవాళ్ళు ఇక్కడ ఆగి, మిరపకాయ బజ్జీ తిని, హంస ఎక్కి ఫోటో దిగి పోతారు.

బోట్ల కాంట్రాక్టు ఓబులేసుది. నంద్యాలలో సెల్‌ఫోన్ల షాపులో మూడేళ్ళు కూర్చుని, ఇక నావల్ల కాదని ఊరికి వచ్చేసినవాడు. ఈ నీళ్ళంటే అతనికి ప్రాణం.

ఇప్పుడు చిన్న డ్యామ్‌లన్నిటికీ ప్రమాద తరగతి ఇవ్వాలని ఆర్డరు వచ్చింది. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. 'ఎక్కువ' అని వస్తే మరమ్మతులు చేసి, సైరన్ పెట్టేదాకా బోట్లు నీళ్ళలోకి దిగకూడదు. అంటే ఈ టోపీ అమ్మాయి రాసే ఒక్క మాట మీద ఓబులేసు బతుకుంది. అలాంటి అమ్మాయిని అతను మొదటి మాటే దొంగ అన్నాడు. అదృష్టవంతుడు.

కట్ట కింద నూరు అడుగుల దూరంలో ఓబులేసు ఇల్లు. అందులో ఉండేది ఇద్దరే, అతనూ వాళ్ళ అవ్వ ఆదిలక్ష్మమ్మా. ఎంత కోపిష్టి ఆఫీసరైనా అన్నం టైముకు ఆకలితోనే ఉంటాడని అవ్వ నమ్మకం. భ్రమరాంబికను కూర్చోబెట్టి జొన్నరొట్టె, రోట్లో నూరిన పుదీనా ఊరిబిండి పెట్టింది.

రెండో రొట్టె మధ్యలో భ్రమరాంబిక ఆగింది.

"అవ్వా, ఇంత ఎండల్లో పుదీనా ఇంత పచ్చగా యాడ దొరికింది?"

"దొరికేదేంది తల్లీ, మన కట్ట మొదట్లోనే. నీళ్ళు పోసే పనే ల్యా. దేవుడే పోస్తాడు."

"దేవుడు గాదవ్వా. కట్ట పోస్తాంది."

చెయ్యి కడుక్కుని పరుగెత్తింది. పుదీనా మడి పక్కన నేలంతా చిత్తడి. దాని మీద కొత్త ఎర్రమట్టి.

"ఈ మట్టి ఎవరు పోసినారు?"

"నేనే," అన్నాడు ఓబులేసు నేల చూపులు చూస్తూ. "మీకు తడి కనపడకూడదని."

"జ్వరమొస్తే థర్మామీటరు దాచిపెట్టే రకమా మీరు?"

ఆ తర్వాత ఆమె మూడుసార్లు వచ్చింది. కారే నీళ్ళను సీసాలో పట్టి, వాచీ చూసి, పుస్తకంలో రాసుకునేది. సీసా పట్టుకునే ఉద్యోగం ఓబులేసుకు దొరికింది. ఆ ఉద్యోగం అతను చాలా శ్రద్ధగా చేశాడు.

"నేను అహోబిలం మొక్కుకు పుట్టి ఓబులేసు. మీరు శ్రీశైలం మొక్కుకు పుట్టి భ్రమరాంబిక. మనకెందుకు మేడం కొట్లాట?"

"దేవుళ్ళు రిపోర్టులు రాయరు. సీసా వంచకండి."

మూడోసారి వచ్చినప్పుడు వాన పట్టుకుంది. ఇద్దరూ ఒడ్డున కట్టేసిన హంస బోటులోకి, దాని చిన్న కప్పు కిందికి దూరారు. మోకాళ్ళు తగలకుండా కూర్చోవడానికి ఇద్దరూ పడిన కష్టం ఆ హంసకే తెలియాలి.

"చదువుకునేటప్పుడు పెద్ద పెద్ద డ్యామ్‌లు కట్టాలనుకున్నా," అంది భ్రమరాంబిక. "ఇప్పుడు పుదీనా మడిలో నీళ్ళు కొలుస్తాండా."

"నేను సీసా పట్టుకుంటాండా గదా."

ఆమె నవ్వింది. వాన చప్పుడులోనూ ఆ నవ్వు స్పష్టంగా వినిపించింది. ఓబులేసు అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

"మేడం, రిపోర్టులో 'తక్కువ' అని రాయండి. కింద ఉండేది ఇద్దరమే గదా. ఇద్దరు ఒక లెక్కా? నాకోసం రాయండి."

నవ్వు ఆగిపోయింది.

"కట్ట మంచిదా చెడ్డదా అని గాదు ఈ తరగతి. తెగితే కింద ఎవరుండారనేదే చూసేది. ఇద్దరు లెక్కలోకి రారని నా చేత రాయిస్తావా? ఎవరా ఇద్దరు? మీ అవ్వా, నువ్వూ!"

వానలోనే దిగి స్కూటీ ఎక్కి పోయింది. ఆమె తనను మొదటిసారి 'నువ్వు' అన్నదని ఓబులేసుకు రెండు రోజుల తర్వాత గానీ తట్టలేదు.

పది రోజులు ఫోను లేదు, స్కూటీ లేదు. పదకొండో రోజు జీపు వచ్చింది. అందులోంచి ఆమె పై ఆఫీసరు, డీఈ భాస్కరయ్య దిగాడు. ఆయన కట్టంతా నడిచాడు, మళ్ళీ అన్నీ కొలిచాడు, అవ్వ పెట్టిన రొట్టెలు తిన్నాడు. పోయే ముందు ఓబులేసును పిలిచాడు.

"తరగతి 'ఎక్కువ' అప్పా. బోట్లు గట్టెక్కించు. ఆర్నెల్లు పట్టొచ్చు."

ఓబులేసు తలూపాడు. కానీ నోట్లోంచి వచ్చింది బోట్ల మాట కాదు.

"ఆ మేడం ఎందుకు రాలేదు సార్? కోపమా?"

భాస్కరయ్య జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "ముప్పై నాలుగేండ్ల సర్వీసులో ఇట్లాంటి లెటరు చూళ్ళేదు. ఆ పాపనడిగినా, నీకు చూపిస్తే తప్పు లేదనింది. చదువుకో."

'గుండ్లవాగు కట్ట దిగువన నివసించే ఇద్దరిలో ఒకరి మీద నాకు ఇష్టం ఏర్పడింది. అందువల్ల ఈ డ్యామ్ విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేను. దయచేసి వేరొకరిని పంపగలరు.'

ఓబులేసు మూడుసార్లు చదివాడు.

"ఇందాక మీ అవ్వనడిగినా," అన్నాడు భాస్కరయ్య. "ఆ ఒకరు ఆమె గాదంట."

ఓబులేసు బైకు ఎప్పుడు తీశాడో, నంద్యాల ఎప్పుడు చేరాడో అతనికే తెలియదు. సాయంత్రం ఐదున్నరకు ఆఫీసు గేటు దగ్గర భ్రమరాంబిక స్కూటీకి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వే రాసినా 'ఎక్కువ' అనే రాసేదానివి గదా? మరి ఎందుకు తప్పుకున్నావ్?"

"కోపంతో రాసినానో, ఇష్టంతో రాసినానో నాకే తెలీకుండా పోయేది. అట్లా సంతకం పెట్టకూడదు."

"ఇద్దరు లెక్క గాదనడం తప్పే. అవ్వ పడుకునే చోటది. ఆ మాట అన్న నోటిని నేనే కొట్టుకోవాల." ఓబులేసు ఇంకా దారి వదల్లేదు. "ఈ పది రోజులు బోట్లు గుర్తుకే రాలేదు. నువ్వే గుర్తొచ్చినావ్. నువ్వంటే నాకు ఇష్టం."

గేటు దగ్గర టీ తాగుతున్న ఇద్దరు క్లర్కులు గ్లాసులు గాల్లోనే ఆపారు. భ్రమరాంబిక ముఖం ఎర్రబడింది.

"రిపోర్టులో కింద ఉండేది ఇద్దరని ఉంది," అన్నాడు ఓబులేసు. "ముగ్గురని ఎప్పుడు మార్పిస్తాం?"

"ఆ ఇంట్లో ముగ్గురా? కుదర్దు."

ఓబులేసు ముఖం వాడిపోయింది.

"రోడ్డు పక్కన, మిట్ట మీద మీకు జాగా ఉందని అవ్వ చెప్పింది," అంది ఆమె స్కూటీ తాళం తిప్పుతూ. "ముందు ఆడ ఇల్లు కట్టు. కట్ట కింద ఒక్క ప్రాణీ ఉండకూడదు. అప్పుడు తరగతీ తగ్గుతాది. మా నాయనతో నేను మాట్లాడతా."

"ఆర్నెల్లు బోట్లు లేవు. నాకింకేం పని?"

"ఆర్నెల్లా?" స్కూటీ కదిలింది. నాలుగు గజాలు పోయి ఆగి, వెనక్కి తిరిగింది.

"బేగా కట్టు," అంది.