రాయైన అక్క, నోరు విప్పని చెల్లెలు

నీలిగట్టు రాజ్యానికి పెద్ద ఆపద వచ్చిపడింది. ఏరువాక దగ్గర పడుతోంది, రాజ్యంలోని విత్తనాలన్నీ కొఠారులో ఉన్నాయి, కొఠారు తలుపులేమో బిగుసుకుపోయాయి. ఏనుగులతో తోయించారు, కదల్లేదు. సమ్మెటలతో కొట్టించారు, సమ్మెటలే విరిగాయి. ఆ తలుపుల ముందు గడప మీద కొఠారు పెద్ద చెంగల్వ నిలువునా రాయైపోయి ఉంది. ఏదో చెప్పబోయి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

మనిషి రాయి కావడమేమిటి అంటారా? చెబుతాను, తొందరపడకండి. ఆ రాజ్యంలో సింహాసనం రాజుగారిదే గానీ కొఠారు తాళంచెవి మాత్రం ఆయనది కాదు. పూర్వం ఒక కరువులో జనం అల్లాడిపోతుంటే ఒక యక్షుడు జాలిపడి ఆ కొఠారు కట్టి ఇచ్చాడు. ఇస్తూ ఒక షరతు పెట్టాడు. "పన్నుగా వచ్చే ధాన్యం జనానిది. దాన్ని కాచేవాళ్ళని జనమే ఎన్నుకోవాలి. ఏటా కొత్త అమావాస్య నాడు ఆ పెద్ద ఈ గడప మీద నిలబడి, ఎవరేమడిగినా జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే రాయైపోతారు, తలుపులు మూసుకుపోతాయి" అన్నాడు. అప్పటి నుంచీ మూడేళ్ళకోసారి ఇంటికొకరు వచ్చి, నచ్చినవాళ్ళ కుండలో ఒక చింతగింజ వేసి పోతారు.

మొన్నటి ఎన్నికలో నిలబడింది ఇద్దరే, ఆ ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. పెద్దది చెంగల్వ, చిన్నది కొండమల్లి. వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ కొఠారులోనే ధాన్యం కొలిచేవాడు. ఆయన మెలకువలన్నీ చిన్నదానికే పట్టుబడ్డాయి. కుప్పని చూస్తే చాలు, అది ఎన్ని పుట్లో చెప్పేసేది. చెంగల్వకి లెక్కలు అంతంత మాత్రమే గానీ మాట మాత్రం వెన్న. ఏ ఇంట్లో ఎవరికి జలుబు చేసిందో కూడా ఆమెకి తెలుసు. ఇంకేముంది! చెంగల్వ కుండ నిండిపోయింది. కొండమల్లి కుండలో అడుగు కనబడుతూనే ఉంది.

ఆ రోజు అక్క మెడలో బంతిపూల దండ చూసి కొండమల్లికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. "నవ్వితే గింజలు రాలుతాయా? రాలాయి మరి, ఈ వెర్రి జనానికి!" అని పళ్ళు నూరుకుంది. అన్నానికి కూర్చున్నా అక్క కంచంలో మెతుకులే తన మెతుకులకన్నా తెల్లగా కనబడేవి.

ఇక చెంగల్వ పెత్తనం ఎలా సాగిందంటే, పన్ను ధాన్యం తీసుకునేటప్పుడు కుంచం పైన నిలిచిన గింజలని అరచేత్తో తుడిచేసి, "ఇక్కడికి చాల్లే బాబాయ్" అనేది. అదే జనానికి ఇచ్చేటప్పుడు కుంచం మీద గోపురంలా పోసి, పొర్లుతుంటే కొంగు పట్టమనేది. "మా తల్లే, మా బంగారమే!" అని అందరూ మెటికలు విరిచేవారు. కొండమల్లి ఈ సంగతి మొదటి రోజే కనిపెట్టింది. ఇలా పోస్తూ పోతే ఏడాది తిరిగేసరికి గాదెలు సగానికి దిగిపోతాయని ఆమెకి తెలుసు. అక్క చెవిలో ఒక్క మాట వేస్తే సరిపోయేది. వేయలేదు. "పోయనీ, పోసి పోసి పడనీ! ఎవరి కుండలో గింజ వేయాల్సిందో అప్పుడు తెలిసొస్తుంది" అనుకుని నోరు కుట్టేసుకుంది.

కొత్త అమావాస్య రానే వచ్చింది. చెంగల్వ నవ్వుతూ గడపెక్కింది. పుల్లమ్మవ్వ అనే ముసలామె లేచి, "అమ్మా, పన్ను ఎప్పటిలాగే కట్టాం. గాదెలు చూస్తే సగమే ఉన్నాయంటున్నారు. మా గింజలేమయ్యాయి తల్లీ?" అని అడిగింది. చెంగల్వకి నిజంగానే తెలియదు. ఏదో చెప్పాలని నోరు తెరిచింది, అంతే. పాదాల దగ్గర మొదలై తల దాకా రాయైపోయింది.

రాజుగారు చాటింపు వేయించారు. "నల్లకొండ గుహలో యక్షుడున్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళి ఈ శాపానికి మందు తెచ్చినవాళ్ళకే కొఠారు తాళంచెవి! ఇది జనం కూడా ఒప్పుకున్న మాట!"

అక్క పడిపోవాలని కొండమల్లి కోరుకుంది గానీ రాయైపోవాలని కోరుకోలేదు పాపం. గింజలేమయ్యాయో ఆ ఊళ్ళో తెలిసింది తనొక్కదానికే. కానీ చెబితే, "మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే?" అంటారు. అదే మందు తెచ్చి కాపాడితే? తాళంచెవీ తనదే, దండా తనదే. "నేను వెళతాను" అని అందరికన్నా ముందు చెయ్యెత్తింది. చెల్లెలి ప్రేమ చూసి జనం కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళకేం తెలుసు!

అడవి మొదట్లోనే ఒక జడల ముని దారికడ్డంగా పడుకుని ఉన్నాడు.

"తాతా, కాస్త పక్కకి జరుగు."

"జరుగుతాలే. మీ అక్కలో ఒక్క మంచి గుణం చెప్పు."

కొండమల్లి మూతి ముడిచింది. ఆలోచించి ఆలోచించి, "జుట్టు పొడుగు" అంది.

"అది గుణం కాదే పిచ్చిమొహమా, నూనె ఖర్చు!" అని ముని అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దు నడినెత్తికొచ్చింది. చెట్టు కింద అలిగి కూర్చున్న కొండమల్లి చివరికి నేల చూపులు చూస్తూ, "చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసింది. అందరూ పారిపోయారు. అక్క మాత్రం నా పక్కనే పడుకుంది" అంది. ముని లేచి దారి ఇచ్చాడు. "చూశావా, మంచి మాట చెబితే నోరేం కాలిపోలేదుగా!" అన్నాడు. కొండమల్లికి ఆ ముసలాడి మీద కూడా ఒళ్ళు మండింది.

అడవి దాటితే ఏరు, ఏటి ఒడ్డున బానపొట్ట రాక్షసి. "ఆగు! నెలాఖరు దాకా రావాల్సిన జొన్నలు నెల మధ్యలోనే అయిపోతున్నాయి. ఎందుకో చెబితే ఏరు దాటిస్తా, లేదంటే ఉప్పు చల్లి నంజుకుంటా!" అంది.

కొండమల్లి భయపడలేదు, ఇది తన విద్య కదా! రాక్షసి వంటశాలలోకి వెళ్ళి చూస్తే రెండు కుంచాలున్నాయి. ఒకదాని నిండా నీళ్ళు ముంచి రెండోదానిలో పోసింది. రెండోది ఇంకా వెలితిగానే ఉంది. "నువ్వు జొన్నలు తెచ్చి పోయించుకునేది చిన్న కుంచంతో, వంటకి తీయించేది పెద్ద కుంచంతో. రెండూ ఒకటే అనుకుంటున్నావు. మిగలమంటే ఎలా మిగులుతాయి?" అంది.

"ఓసి నీ తెలివి తగలెయ్యా!" అని రాక్షసి మురిసిపోయింది. "జొన్నలు కొలిచే నా పాత కొలగాడు తనకేమీ తెలియదన్నాడు. వాణ్ణి మింగేశాను."

"అయ్యో!"

"మింగాక కాస్త జాలేసిందిలే, తెలియక చేశాడు కదా అని. అదే తెలిసీ చెప్పనివాడైతేనా, జాలీ గీలీ లేకుండా పరపరా నమిలేదాన్ని! అదేమిటే, నీకెందుకు చెమటలు?"

"ఎండ" అంది కొండమల్లి. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. రాక్షసి అనుమానంగా చూస్తూనే ఆమెని అరచేతిలో పెట్టుకుని ఏరు దాటించింది.

నల్లకొండ మొదట్లో రెక్కల గుర్రం మేస్తోంది. బతిమాలితే వీపు మీద ఎక్కించుకుంది. కొంత పైకి లేచారో లేదో, కొండమల్లికి దండ గుర్తొచ్చింది. తను దండ వేసుకుని నిలబడితే, మెలకువ వచ్చిన అక్క ఆ దండ వంక చూస్తే, ఆహా! అంతే, గుర్రం రాయిలా కిందికి జారడం మొదలెట్టింది.

"ఏం మింగావే పిల్లా, రోకలా?" అని గుర్రం రొప్పింది.

"ఏమీ లేదు!"

గుర్రం ఇంకా జారింది. కింద బండలు నోరు తెరుచుకుని కనబడ్డాయి.

"కుళ్ళు! మా అక్క మీద కుళ్ళు!" అని కొండమల్లి గావుకేక పెట్టింది.

బరువు చప్పున తగ్గింది. "ఆ ముక్క కిందే ఏడవచ్చుగా" అని విసుక్కుంటూ గుర్రం ఆమెని గుహ ముందు దించింది.

యక్షుడంటే ఏ తాటిచెట్టంతో ఉంటాడనుకుంది. తీరా చూస్తే ఒక బక్క ముసలాయన మూలన కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తున్నాడు. తలెత్తకుండానే, "మందూ లేదు, మాకూ లేదు" అన్నాడు. "మీ ఊరివాళ్ళు అడిగిన ప్రశ్న ఆ గడప మీదే ఉంది. జవాబు తెలిసినవాళ్ళు దాని మీద నిలబడి చెబితే మీ అక్క మామూలు మనిషవుతుంది. సగం దాచుకుని చెబితే మాత్రం చెప్పినవాళ్ళూ రాయే. నీకు జవాబు తెలుసు. ఇంత దూరం ఎందుకొచ్చావో నాకూ తెలుసు."

యక్షుడు ఒక గోనెసంచి ఆమె ముందుకి తోశాడు. "నిజం చెప్పడం కష్టంగా ఉంటే ఇది పట్టుకెళ్ళు. ఎంత పోసినా విత్తనాలు తరగవు. జనం నిన్ను నెత్తిన పెట్టుకుంటారు. నిన్నెవరూ ఏమీ అడగరు. అక్క మాత్రం అలాగే ఉంటుంది."

పిల్లలూ, ఆ సంచిని కొండమల్లి వద్దనలేదు. భుజానికెత్తుకుని గుమ్మం దాకా వెళ్ళింది కూడా. దండలు, డప్పులు, పల్లకి, అన్నీ కళ్ళ ముందు మెదిలాయి. జనమంతా ఎగబడి చూస్తున్నారు. వాళ్ళ మధ్య ఒక్క మొహం కోసం ఆమె కళ్ళు వెతుక్కున్నాయి. ఆ మొహం లేదు. "అక్క చూడకపోతే నేను గెలిచి ఎవరికి చూపించను?" అనుకునేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. సంచి అక్కడే కుదేసి, వెనక్కి తిరిగి చూడకుండా గుర్రమెక్కింది.

ఊరంతా పోగైంది. "మందేదమ్మా?" అన్నారు రాజుగారు.

"మందు లేదు దొరా. జవాబు ఉంది" అని కొండమల్లి గడపెక్కి రాతి అక్క పక్కన నిలబడింది. "పుల్లమ్మవ్వా, మీ గింజలు మీ ఇళ్ళలోకే వచ్చాయి. అక్క మీ దగ్గర కుంచం తుడిచి తీసుకుంది, మీకు గోపురాలు పోసింది. ఆ గోపురాలు కొంగులు పట్టి తీసుకెళ్ళింది మీరే. ఎక్కువ వస్తోందని ఒక్కరైనా అన్నారా?"

జనం తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు. తిలాపాపం తలా పిడికెడు! కానీ చెంగల్వలో చలనం లేదు. పైగా కొండమల్లి కాలివేళ్ళు చల్లబడి, బిర్రబిగిసి, మడమల దాకా రాయవుతున్నాయి.

"ఇంకా ఉంది!" అని అరిచింది. "నేను మొదటి రోజే చూశాను. కావాలనే చెప్పలేదు. మా అక్క మీ అందరి ముందూ పడిపోవాలని ఏడాదంతా ఎదురుచూశాను!"

కొండమల్లి కాళ్ళు మళ్ళీ మెత్తబడ్డాయి, తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. చెంగల్వ ఊపిరి పీల్చుకుంది. చెల్లెలి మాటలన్నీ ఆమె రాతి చెవులకి వినబడుతూనే ఉన్నాయట.

"నన్ను పిలిచి చెబితే నీ సొమ్మేం పోయేదే మల్లీ?"

"నీ మెడలో దండ చూసి కడుపు మండిపోయిందక్కా."

చెంగల్వ చెయ్యెత్తింది. కొడుతుందనే అనుకున్నారంతా. ఆ చెయ్యి కొండమల్లి భుజం మీద వాలింది. "కొలత నాకు సరిగా రాదని నాకు తెలుసు. పక్క గదిలోనే ఉన్నావు, అడిగితే పోయేది. చిన్నప్పటి నుంచీ నాన్న నిన్నే మెచ్చుకునేవాడు. నిన్ను అడగడం కన్నా తప్పు కొలవడమే నయమనిపించిందే!"

అక్కకి తన మీద కుళ్ళా! కొండమల్లికి ముందు భలే సంతోషమేసింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఇద్దరూ ఆ గడప మీదే కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడ్చారు.

జనం ఇళ్ళకి వెళ్ళి, తిన్నది పోగా మిగిలిన గోపురాలని తెచ్చి కొఠారులో పోశారు. ఏరువాక ఆగలేదు. చెంగల్వ తాళంచెవి రాజుగారి ముందు పెట్టి, "నాకిది చేతకాలేదు" అని తప్పుకుంది. కొండమల్లి తెచ్చింది మందు కాదు కదా, అందుకని మళ్ళీ కుండలు పెట్టారు. "తెలిసీ చెప్పనిదానికా మా గింజ?" అని కొందరు ఎగిరారు. పుల్లమ్మవ్వ మాత్రం, "నిజమే, అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు కాళ్ళు రాయవుతున్నా చెప్పింది. వేసి చూద్దాం, తప్పు చేస్తే గడప ఎక్కడికీ పోదుగా" అని తన చింతగింజ కొండమల్లి కుండలో వేసింది. కొండమల్లి అత్తెసరుగా గెలిచింది.

ఏడాది తిరిగి మళ్ళీ కొత్త అమావాస్య వచ్చింది. కొండమల్లి మెడలో దండతో గడపెక్కేసరికి ముందు వరసలో ఒక మనిషి కొంగు నడుముకి బిగించి లేచింది. చెంగల్వే!

"నిన్ను అక్కడ చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది, దాచను. అందుకే బాగా వెతికి వచ్చాను. మూల గాదెలో పురుగు పట్టిన జొన్నలు రాత్రికి రాత్రి ఎక్కడ పారబోయించావు? పురుగు పట్టేదాకా ఏం చేస్తున్నావు?"

కొండమల్లికి ముచ్చెమటలు పోశాయి. ఆ జొన్నల సంగతి ఎవరి కంటా పడలేదనుకుంది మరి! ఒకసారి తన కాలివేళ్ళ వంక చూసుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, "తప్పు నాదే. చెబుతాను, విను" అని మొదలుపెట్టింది.

పొద్దువాలేదాకా అక్క అడుగుతూనే ఉంది, చెల్లెలు చెబుతూనే ఉంది. అంతా అయ్యాక ఇద్దరూ మూతులు ముడుచుకునే ఇంటికి వెళ్ళి, ఒకే కంచంలో అన్నం తిన్నారు.