అన్నకి లేదంటే చెల్లికే అనుకున్నాం

ముందే చెప్పుకుంటున్నాను, నా రాతలో తప్పులుంటాయి. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. ఒక్కో వాక్యానికి చాలాసేపు పడుతుంది. మీరూ నిదానంగా చదవండి.

ఇది మా అమ్మాయి ప్రేమ కథ.

దానికి కుట్టు దుకాణం ఉంది. ఒక వాన మధ్యాహ్నం మెషీన్ మొరాయిస్తే రిపేరుకి ఒక అబ్బాయి వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు, చేతిలో నూనె డబ్బా. పది నిమిషాలు చూసి, "మెషీన్ బాగానే ఉందండీ. తొక్కేవాళ్ళకే కోపం ఎక్కువ," అన్నాడు.

"మెషీన్ చూడమన్నాను, నన్ను కాదు," అంది మా అమ్మాయి.

"రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కళ్ళు ఎటు తిప్పుకోమంటారు?"

గుండీలు ఏరుకుంటున్న నేను తల వంచుకుని నవ్వుకున్నాను. ఆ పూటే మా అమ్మాయి అతనికి ఆయిల్ డబ్బా అని పేరు పెట్టేసింది. ఆ తర్వాత మా మెషీన్లు వారానికొకటి చెడిపోవడం మొదలైంది. ఒకసారి విప్పి చూసి, "ఈ స్క్రూ ఎవరో కావాలని వదులు చేశారే," అన్నాడు. మా అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తకుండా, ఎక్కించిన దారమే మళ్ళీ ఎక్కించింది.

ఏడాది తిరిగేసరికి అతను పెళ్ళి మాట ఎత్తాడు. వద్దంది. ఎందుకో చెప్పలేదు. ఆ రోజు నుంచి మా మెషీన్లన్నీ బాగానే పనిచేశాయి.

కారణం నాకు తెలుసు. మా ఆయన కిడ్నీల్లో నీటి బుడగలు పెరిగి నలభై ఆరేళ్ళకే పోయారు. మా అత్తగారూ అంతే. పిల్లలకి సగం సగం అవకాశం అని అప్పటి డాక్టరు ఒక మాట అని వెళ్ళిపోయాడు. మాకు ఇద్దరు. సగం అంటే ఇద్దరిలో ఒకరని మేం లెక్కేసుకున్నాం. ముప్పై నిండాక పెద్దాడికి స్కాన్ తీస్తే ఏమీ లేదన్నారు. నేను వాడిని పట్టుకుని సంతోషంతో ఏడ్చాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది. అన్నయ్యకి లేదంటే తన వంతు ఖాయమైపోయిందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాట పైకి అనకుండా ఇద్దరం ఆరేళ్ళు ఒకే ఇంట్లో తిరిగాం.

ఆయిల్ డబ్బా ఊరుకునే రకం కాదు. ఒకరోజు దుకాణంలో దాని ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాడు.

"నేను నచ్చలేదంటే వెళ్ళిపోతాను. చెప్పు."

"నచ్చావు. అదే గొడవ." అప్పుడు అంతా చెప్పింది.

అతను స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "నువ్వు స్కాన్ తీయించుకున్నావా?"

"తెలిసినదానికి స్కాన్ ఎందుకు?"

"నేను విప్పి చూడకుండానే మెషీన్ పోయిందంటే ఒప్పుకుంటావా?"

తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగే జబ్బుల గురించి కూర్చోబెట్టి చెప్పడానికే ఆసుపత్రిలో ఒక మేడమ్ ఉందని అతనే కనుక్కొచ్చాడు. జెనెటిక్ కౌన్సెలర్ అంటారు. ముగ్గురం వెళ్ళాం. చిన్న గది. కుర్చీ తక్కువైతే పక్క గదిలోంచి ఆమే మోసుకొచ్చి వేసింది. మా వాళ్ళందరినీ అడిగి కాగితం మీద బొమ్మ గీసింది. మగవాళ్ళు చతురస్రాలు, ఆడవాళ్ళు సున్నాలు, జబ్బు పడ్డవాళ్ళు నలుపు.

"ఈయన?" అంది.

"నేనింకా కాగితం ఎక్కలేదండీ," అన్నాడు ఆయిల్ డబ్బా.

మా అమ్మాయి తన లెక్క చెప్పింది. మేడమ్ నవ్వలేదు. అక్కడే ఆమె మీద నాకు గౌరవం పుట్టింది.

"మీ దుకాణానికి మొదటావిడ నీలం గుడ్డ తెచ్చింది. అందుకని రెండో ఆవిడ ఎర్రదే తేవాలా?"

"ఎందుకు? ఆవిడిష్టం."

"ఇదీ అంతే. మీ అన్నయ్య పుట్టినప్పుడు సగం. మీరు పుట్టినప్పుడు మళ్ళీ కొత్తగా సగం. ఆయనకి ఏమైందో మీ సగానికి తెలీదు."

మా అమ్మాయి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"మా పెంపకంలో ఏమన్నా లోపమా?" అని నేనడిగాను. ఇన్నేళ్ళూ నా గొంతులో ఉన్న ప్రశ్న.

"కాదమ్మా. ఇది ఎవరి తప్పూ కాదు. మీ ఆయనకి బీపీ ఎప్పుడైనా చూశారా?"

"పడిపోయాకే చూశారు."

"ముందే తెలిస్తే చాలా చేయొచ్చు. పూర్తిగా ఆపలేం. నెమ్మది చేయగలం."

"అయితే పెళ్ళి చేసుకోవచ్చని ఒక ముక్క రాసివ్వండి మేడమ్," అన్నాడు ఆయిల్ డబ్బా.

"అది నా పని కాదు. స్కాన్ తీయించుకోవాలా వద్దా అన్నది కూడా ఆమే చెప్పాలి. తెలుసుకోవడం ఇష్టం లేకపోయినా తప్పేం లేదు."

నీకేం కావాలని దాన్ని అప్పటిదాకా ఎవరూ అడగలేదు, నాతో సహా. రెండు వారాలు ఆలోచించి తీయించుకుంది.

బుడగలున్నాయి. రెండు వైపులా.

నేను వింటూనే లేచి వరండాలోకి వచ్చేశాను. అది మాత్రం మేడమ్ దగ్గర గంటసేపు కూర్చుని, అడగాల్సినవన్నీ అడిగి బయటికొచ్చింది. ఆయిల్ డబ్బా వరండాలో నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి గ్రహించాడు.

"ఉంది," అంది మా అమ్మాయి. "ఇప్పటికి కిడ్నీలు బాగానే పనిచేస్తున్నాయి. బీపీ తరచూ చూసుకోవాలి, ఏడాదికోసారి పరీక్షలు. ముందు ముందు కిడ్నీ మార్చాల్సి రావచ్చు, రాకపోవచ్చు. పిల్లలు పుడితే ఒక్కొక్కరికీ కొత్తగా సగం. అర్థమైందా?"

"అయింది."

"తిరిగి చెప్పు."

వేళ్ళు మడుస్తూ ఒక్కటీ వదలకుండా చెప్పాడు.

"అయితే చేసుకుందాం," అంది.

అతను మడిచిన వేళ్ళు అలాగే పట్టుకుని అడిగాడు. "ఉందో లేదో తెలియనప్పుడు వద్దన్నావు. ఉందని తేలాక సరేనంటున్నావు."

"అప్పుడు నాన్న చావు చూసి వద్దన్నాను. ఇవాళ నా జబ్బేంటో నాకు తెలిసింది. ముందు అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాలి, నా వంతు నేను పుట్టినప్పుడే తెచ్చుకున్నాను, వాడు తప్పించుకుని నా మీదికి తోసింది కాదని. పాపం, ఆరేళ్ళుగా నా ముఖం సరిగా చూడట్లేదు."

అతను నా వైపు తిరిగాడు. "మీరేమంటారు పిన్నిగారూ?"

"అత్తయ్యా అని పిలువు," అన్నాను.

ఇట్లు,
కుట్టు దుకాణం పెద్దమ్మ. వయసు అరవై మూడు. ఇప్పుడు ఉండేది కూతురూ అల్లుడి దగ్గర, దుకాణం పైగదిలో.