ఎడమ పక్క ఊపిరి

ఆర్మూర్‌లో పసుపు ఉడకబెట్టే రోజులు. ఊరి చివర మా అద్దె గది వెనకే కళ్లం. మధ్యాహ్నమయ్యేసరికి ఆ ఆవిరి వాసన కిటికీలోంచి వచ్చి గోడలకు పట్టుకునేది.

నాలుగు నెలల సువార్త నా ఒళ్లో నిద్రపోతోంది. అది కడుపులో ఉండగా, ఐదో నెలలోనే స్కానింగ్‌లో ఎడమ ఊపిరితిత్తిలో నీటి బుడగల్లాంటి గడ్డ కనిపించింది. పుట్టగానే మాత్రం గట్టిగా ఏడ్చింది. పాలు బాగా తాగింది. అయినా హైదరాబాద్ డాక్టరమ్మ సీటీ స్కాన్ తీయించి చెప్పింది. "ఇప్పుడు బాగానే ఉంటుంది. తర్వాత అందులో చీము పడితే కష్టం. ఆ ముక్క తీసేద్దాం. మిగిలిన ఊపిరితిత్తి పెరుగుతుంది."

మర్నాడే ప్రయాణం. మా ఆయన సురేశ్ బండి మాట్లాడటానికి బస్టాండ్‌కు పోయాడు. అత్తమ్మ పొద్దటి నుంచి ముద్ద ముట్టలేదు.

"ఆడుకునే పిల్లను కోయిస్తవా శ్యామలా?"

"ఆడుకునేటప్పుడే చేయించాలన్నరు అత్తమ్మా."

కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. అప్పుడు వినిపించింది... పిల్ల ఊపిరి కాక ఇంకో ఊపిరి. నెమ్మదిగా, తడిగా. పిల్ల ఎడమ పక్కకు చెవి ఆనించాను. అక్కడే. పిల్ల మూడుసార్లు పీల్చేలోపు అది ఒక్కసారి పీలుస్తోంది.

తలెత్తితే గడప అవతల ఒక ఆడమనిషి. ముఖం నిండా కొంగు. తడిసిన చీర నుంచి నీళ్లు కారుతున్నాయి. కింద బండ మాత్రం పొడిగా ఉంది.

"పిల్లకు ఊపిరి బరువైతాంది. జర నాకియ్యి."

ఆ మాట గడప దగ్గర నుంచి రాలేదు. నా ఒళ్లోంచి వచ్చింది.

అత్తమ్మ నా భుజం పట్టుకుంది. "ఇదేనే... నా పెద్ద బిడ్డకు ఆయాసమొచ్చిన్నాడు గిట్లనే అడిగింది. దవాఖానకు తీస్కపోవాలని తెల్వకపాయె. జరసేపు పట్టుకుంటదనుకున్న... నా చేతులతోనే ఇచ్చిన."

"మల్ల?"

"తిరిగిచ్చింది. సల్లగైనంక."

భయం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. పిల్లను గుండెకు అదుముకుని గడప దాకా పోయాను.

"ఇయ్య. బరువైతే నేను మోస్త. పో!"

"ఇస్తవు," అంది పిల్ల ఛాతీలోంచి ఆ గొంతు. "ఎవరికో ఒకరికి... ఇస్తవు."

తలుపు దాని ముఖం మీదే వేశాను.

ఆ మాట ఎందుకందో హైదరాబాద్‌లో ఆపరేషన్ థియేటర్ ముందు తెలిసింది. మాస్కు, టోపీ పెట్టుకున్న ఒకామె చేతులు చాచింది. కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

"పాపను ఇవ్వండమ్మా."

నా చేతులు బిగుసుకున్నాయి. సురేశ్ నా వైపు చూశాడు. "ఇయ్యి శ్యామలా..."

"మాస్కు తియ్యుండ్రి," అన్నాను ఆమెతో. "పేరు చెప్పుండ్రి. గప్పుడే ఇస్త."

"టైమ్ అవుతోందమ్మా..."

"కానీయుండ్రి."

ఆమె మాస్కు దించింది. చిన్న వయసు, అలసిన ముఖం. "సంధ్య. మత్తు డాక్టర్‌ని." ఆమె ఊపిరి నా చేతికి వెచ్చగా తగిలింది.

ఇచ్చాను.

మూడు గంటల తర్వాత సువార్తను బయటికి తెచ్చారు. గడ్డ ఉన్న ముక్క తీసేశారు. వారం తిరిగేసరికి నా కొంగు లాగి పాలు తాగింది. అత్తమ్మ దాన్ని చూసుకుంటూ, ఏడుస్తూనే కడుపునిండా అన్నం తిన్నది.

రెండు నెలలకు మళ్లీ ఎక్స్‌రే. పిల్ల కదలకుండా నన్నే పట్టుకోమన్నారు. లోపల మేమిద్దరమే.

ఫిల్మ్ చూసి డాక్టరమ్మ నవ్వింది. "చూడు, ఊపిరితిత్తి పెరిగి ఖాళీ అంతా నింపుకుంది." అంతలో నవ్వు ఆగింది. "నీతో లోపల ఇంకెవరున్నారు?"

"ఎవ్వరు లేరు."

ఫిల్మ్ అంచున, పిల్లను పట్టుకున్న నా రెండు చేతుల ఎముకలు. వాటి పక్కన... మూడో చెయ్యి. అది పిల్లను పట్టుకోలేదు. నా ఎడమ మణికట్టును పట్టుకుంది.

సువార్త నా వైపు చేతులు చాపింది.

బరువైతే నేను మోస్తానని గడప దగ్గర అన్నది నేనే. ఆ ఎడమ చేత్తోనే ఎత్తుకున్నాను.