పడుగు వదిలేసిన కోడలు

"వదిలేసినావు కదే! పట్టు పడుగును బురదలో వదిలేసినావు కదే!"

సుంకమ్మ అరుపుకు ధర్మవరం సాలెవీధి అంతా వాకిళ్లలోకి వచ్చింది. వీధి పొడవునా సాగదీసి సరిచేస్తున్న చీర పడుగు, మొన్ననే రంగు వేసిన పట్టుదారాలన్నీ, నేలన పడి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. ఆ కొస పట్టుకోవలసిన కోడలు ఓబులమ్మ మాత్రం నడివీధిలో ముఖం పైకెత్తి, చేతులు చాపి, చిన్నపిల్లలా తడుస్తోంది!

"వానొచ్చింది అత్తా! మా నాయన చేనుకు వానొచ్చింది!"

ఆ పిల్లను మాత్రం ఏమనగలం? బెళుగుప్పలో ఆమె పుట్టింటివాళ్లు మగ్గం వదిలి రెండు తరాలైంది. వాళ్లకు వేరుశనగే సర్వస్వం. రెండేళ్లుగా సరైన వాన లేదు. ఈ వారం కూడా పడకుంటే విత్తనపు కాయలే వలుచుకు తిని, బళ్లారికి కూలికి పోతామని నాయన గురప్ప ఉత్తరం రాయించాడు. తొలి చినుకు నెత్తిన పడగానే చేతిలో ఏముందో మరిచిపోయింది... అంతే! సుంకమ్మకేమో వానంటే మగ్గం గుంతలోకి నీళ్లు రావడం, పని నిలిచిపోవడం. పదకొండో ఏట ఆ వీధిలో కాపురానికి వచ్చిన మనిషి, చేను గట్టు తొక్కి ఎరగదు.

"పోనీలేమ్మా..." అన్నాడు కొడుకు జయరాముడు, తడిసిన పోగులు ఏరుకుంటూ.

"నువ్వు నోరు మూసుకో! పట్టు విలువ తెలీనిది నా ఇంట్లో ఉండకూడదు. రేపు నేనే తీసకపోయి వాళ్ల నాయనకు అప్పజెప్పొస్తా!"

ఓబులమ్మకు పెళ్లయి ఏడాదైనా కాలేదు... అత్త కాళ్లు పట్టుకుని ఏడ్చింది. సుంకమ్మ కరగలేదు.

మర్నాడు బస్సు దిగి నేరుగా చేనికే పోయారు. "అన్నా, నీ కూతురు చేసిన పని విను!" అని సుంకమ్మ మొదలుపెట్టిందో లేదో, గురప్ప పిడికెడు తడిమట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అతని కళ్ల వెంట ధారగా నీళ్లు!

"చూడక్కా, పదునెట్లుండాదో! ఈ పొద్దు ఇత్తకపోతే ఆరిపోతాది. మాటలు మళ్లీ మాట్లాడుకుందాం. మనిషి తక్కువైనాది, రాక్కా!"

వియ్యపురాలికి మర్యాద లేదు, కూర్చోమనడం లేదు! ఎవరో విత్తనాలు తెచ్చి ఆమె ఒడిలో పోశారు. తిట్టుకుంటూనే గొర్రు వెనక నడుస్తూ గింజలు వేసింది. సాలు చివర వెనక్కి తిరిగి చూస్తే, గురప్ప వంగి, పైన మిగిలిపోయిన గింజలను ఒక్కొక్కటే మట్టితో కప్పుతున్నాడు. పోయిన తన మొగుడు తెగిన పోగు కోసం అట్లాగే వంగి వెతికేవాడు! సుంకమ్మ అతని దగ్గరికి నడిచింది.

"అన్నా... వాన రాకుంటే నిజంగా ఈ గింజలే తినేవాళ్లా?"

"ఇంకేం చేస్తామక్కా!"

ఆమె కూడా పక్కనే వంగి, పొద్దు వాలేదాకా గింజలు కప్పింది.

సాయంత్రం బస్సు వచ్చింది. ఓబులమ్మ నాయన పక్కనే తలవంచుకుని నిలబడింది. ఎక్కమని తనను ఎవరూ అనలేదాయె! కన్నీళ్లు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమే, ఆడనే నిలబడుకున్నావు?" మెట్టు మీదినుంచి సుంకమ్మ కేక వేసింది. "పడుగుకు మళ్లీ రంగెయ్యల్ల. ఆ కొస నువ్వు కాకుంటే ఎవురు పట్టుకుంటారు?"

ఓబులమ్మ నమ్మలేకపోయింది. "అత్తా... మళ్లీ వానొస్తే?"

"ముందు పడుగు చుట్టేద్దాం. ఆ మింద ఇద్దరం తడుస్తాం. ఎక్కు!"