కరకంబాడి రోడ్డులో లండన్ వీధి

తిరుపతి కరకంబాడి రోడ్డు పక్క మైదానంలో ఎగ్జిబిషన్ వాళ్ళ లండన్ వీధి వెలిసిన సాయంత్రమే, నిచ్చెన మీద నుంచి ఒక చుక్క ఇటుక రంగు జారి మునీంద్ర తెల్లచొక్కా మీద పడింది.

"పైన ఎవరబ్బా? సూసుకోని పూయకూడదా?"

"కింద ఎవరబ్బా? సూసుకోని నిలబడకూడదా?"

మునీంద్ర తలెత్తాడు. నిచ్చెన చివర ఒక అమ్మాయి. చున్నీ నడుముకి బిగించింది. చెవి వెనక ఒక బ్రష్షు, చేతిలో ఒక బ్రష్షు. ఆడపిల్ల అంత ఎత్తున పని చేస్తుంటే కింద ఎవరో ఒకరు నిచ్చెన పట్టుకోవాలి కదా! ఎవరూ పట్టుకోలేదు. కోపంగా ఉన్నా మునీంద్రే వెళ్ళి పట్టుకున్నాడు.

"కోపంగా ఉండేవాడు నిచ్చెన పట్టుకుంటే నాకు బయమేస్తాది. వదులు."

"వదిలితే నాకు బయమేస్తాది. ముందు దిగు."

అతని ఉద్యోగమే అంత. డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాడు. పక్కసీటులో కూర్చుని, తన కాలి కింద ఉండే రెండో బ్రేకు తొక్కడమే రోజంతా పని. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, సినిమా టికెట్టు కొనేటప్పుడు కూడా కుడికాలు నేలను నొక్కుతూ ఉండేది.

ఆ అమ్మాయి దిగేలోపు వెనక నుంచి ఒక కేక వినిపించింది.

"ఒరే మునీ! మాంసం కొట్లో అప్పడాలేందిరా?"

కేక పెట్టింది అతని మేనత్త పంకజాక్షి. ఇంగ్లండులో లెస్టర్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి, పోయినేడాదే తిరుపతికి వచ్చేసింది. పెళ్ళి చేసుకోలేదు. తల్లిదండ్రులు లేని మునీంద్రకి ఆమే పెద్దదిక్కు, ఆమెకి అతనే చిన్నదిక్కు. పాత ఇంగ్లండు వీధి వేశారని పేపర్లో చదివి, పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది.

వీధి బాగానే ఉంది. రెండు వైపులా ప్లైవుడ్‌తో కట్టిన ఎర్ర ఇటుకల కొట్లు, నల్లటి దీపస్తంభాలు, వంపు తిరిగిన కిటికీలు. కానీ మాంసం కొట్టు బోర్డు కింద ఢిల్లీ అప్పడం అమ్ముతున్నారు. పోస్టాఫీసులో మిర్చిబజ్జీ. బేకరీలో గాజులు.

"మేడం, ఈడ తిరుపతిలో మాంసం కొట్టు పెడితే ఎవరొస్తారు?" అంది ఆ అమ్మాయి. పేరు ధరణి. నగరిలో మరమగ్గాలుండే అవ్వ ఇంట్లో పెరిగిన పిల్ల. రంగులు పోల్చడం ఇంట్లో నూలు కండెల దగ్గరే నేర్చుకుంది. ఎగ్జిబిషన్ నడిపే ప్రేమానందం ఆమెకి సొంత మేనమామ.

"అది సరే పాపా. ఈ ఇటుకలు ఇంత కొత్తగా ఉంటాయా? మా వీధిలో ఇటుకలకి పొగ పట్టి ఉంటాది. కిటికీ కింద నాచు ఉంటాది. కొత్త వీధిని సూసి ఎవరేడస్తారు?"

"ఏడవడానికి వస్తారా ఎగ్జిబిషన్‌కి?"

"నేను అందుకే వచ్చినా," అంది పంకజాక్షి.

ధరణికి నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో రాలేదు. రెండు బకెట్ల మసిరంగు కలిపి, "ఎట్లుండాలో చెప్పండి," అంది.

ఆ రోజు నుంచి పంకజాక్షి రోజూ వచ్చేది. మునీంద్ర తీసుకొచ్చేవాడు. అత్త కోసమే వస్తున్నానని అతను చెప్పేవాడు. ధరణి నమ్మినట్టు నటించేది.

దీపస్తంభం కింద కుర్చీ వేసుకుని పంకజాక్షి చెబుతుంటే, ధరణి గీసేది. చారల ఏప్రన్ కట్టుకున్న మాంసం కొట్టాయన, నేలంతా రంపపు పొట్టు. పది గంటలకే రొట్టెలు అయిపోయే బేకరీ. మేకులు తూకానికి అమ్మే ఇనుపసామాన్ల కొట్టు. వెనిగర్ చల్లి కాగితంలో చుట్టిచ్చే వేడివేడి చేపవేపుడు. గురువారం గురువారం ఆమె ఒక్కదాని కోసం గుప్పెడు పచ్చిమిరపకాయలు తెప్పించే కూరగాయల ముసలాయన.

"అంత బాగుంటే ఎందుకు వచ్చేసినారు?" అని అడిగింది ధరణి.

"నేను వదల్లేదు పాపా. మాంసం కొట్టు పోయి సెల్‌ఫోన్ కవర్ల కొట్టు వచ్చె. బేకరీ పోయి పందాలు కాసే కొట్టు వచ్చె. ముసలాయన షట్టర్ దించేసె. వీధే నన్ను వదిలి ఎల్లిపోయింది. నేను ఊరికే సూట్‌కేసు సర్దుకున్నా, అంతే."

ధరణి గీస్తున్న బ్రష్షు ఆపింది. పంకజాక్షి మాత్రం ఎక్కువసేపు దిగులుపడే మనిషి కాదు. బజ్జీల దగ్గర తోసుకుంటున్న జనం మీదికి లేచింది.

"లైన్లో రాండి! ఇంగ్లండులో ఇద్దరే ఉన్నా లైనే!"

"అమ్మా, మేము తిరుపతోళ్ళం," అంది గుంపులో ఒకావిడ. "మేము పుట్టిందే లైన్లో. ఈడన్నా తోసుకోనీ."

ఇంకో రోజు ప్రేమానందాన్ని పట్టుకుంది. ఆయనకి నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. ఎప్పుడూ చెవిలో ఫోను, నుదుట చెమట.

"ప్రేమానందం, పాతకాలం ఇంగ్లండులో బుధవారం మధ్యాన్నం కొట్లన్నీ మూసేస్తారు. నువ్వూ ముయ్యి."

"మనం తెరిచేదే సాయంత్రం నాలుక్కి గదమ్మా! మధ్యాన్నం మూస్తే ఇంకేం తెరిచేది?"

"ధరణికి ఒక పూట సెలవన్నా ఇయ్యి."

సెలవిచ్చాడు. ఆ బుధవారం ఖాళీ మైదానంలో మునీంద్ర ధరణికి కారు నేర్పాడు.

"గేరు మార్చు. క్లచ్చు. నిదానంగా... నిదానంగా..."

"బండి నిలబడే ఉండాది. ఇంకా ఎంత నిదానం?"

"నిలబడే ఉండనీ. ముందు అద్దంలో సూడు."

ధరణి అద్దంలో చూసింది. వెనక ఏమీ లేదు. పక్కనున్నవాడు కనిపించాడు. అతనూ అద్దంలోకే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి కిటికీలవైపు తిరిగారు. అప్పుడే కదిలిన బండి ఆగిపోయింది. బ్రేకు ఎవరు తొక్కారో ఎవరూ ఒప్పుకోలేదు.

మే నెల చివర్లో గాలివాన కొట్టింది. లండన్ వీధి ఇటుకలు కరిగి ఎర్రగా కాలవ కట్టాయి. జనం జెయింట్ వీల్ కింద దూరారు. పంకజాక్షి మాత్రం గొడుగేసుకుని వీధి మధ్యలో నిలబడి ఆనందంగా అరిచింది.

"ఇప్పుడు! ఇప్పుడు అచ్చం మా ఊరి మాదిరి ఉండాది!"

ధరణి తడిసి, రంగు కారిపోతున్న గోడకేసి చూస్తూ ఏడుపు మొహం పెట్టింది. మునీంద్ర చొక్కా చేతులు మడిచాడు. వాన వెలిశాక తెల్లవార్లూ కాదు గానీ, మర్నాడు ఉదయం నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇద్దరూ కలిసి మళ్ళీ ఇటుకలు గీశారు. అతను గీసినవి వంకరగా వచ్చాయి. ధరణి వాటిని సరిచేయలేదు.

ఆ మరుసటి రోజు మజ్జిగ సీసా తెచ్చిన మునీంద్రకి, టికెట్ల గుడారం వెనక నుంచి ధరణి గొంతు వినిపించింది.

"మామా, పెండ్లి మాట ఏందో తేల్చు. అవ్వ రోజూ ఫోన్ చేసి నా ప్రాణం తీస్తాంది. ఊరూరూ తిప్పుతా ఎన్నాళ్ళు?"

"ఎగ్జిబిషన్ కడపకి పోయినాక మాట్లాడదాం పాపా."

మునీంద్ర అక్కడే నిలబడిపోయాడు. ఈ సీమలో అక్క కూతుర్ని తమ్ముడు చేసుకోవడం వింతేమీ కాదు. మేనమామకే మొదటి హక్కు అంటారు. ఇంటికి వెళ్ళి అత్తకి చెప్పాడు.

"అయ్యో," అంది పంకజాక్షి. "నిజమే ఉంటాదిరా. ఎగ్జిబిషన్ ఇంట్లోనే ఉండాలని పెద్దోళ్ళు అనుకునే ఉంటారు. నువ్వు అడిగి సూడగూడదా?"

"వద్దులే అత్తా."

విడిపోతామనుకునేవాళ్ళకి సరైన పని ఎప్పుడూ తోచదు. మునీంద్ర వెళ్ళి ఒక స్టీలు గిన్నెల సెట్టు కొని, రంగు కాగితం చుట్టించి, ప్రేమానందం చేతిలో పెట్టాడు.

"ఏందప్పా ఇది?"

"పెండ్లికి. మీరిద్దరూ సల్లగా ఉండాల."

ప్రేమానందం మొహం పాలిపోయింది. అటూఇటూ చూసి, "మా అమ్మ పంపించిందా నిన్ను?" అని గొంతు తగ్గించి అడిగి, జవాబు వినకుండానే జెయింట్ వీల్ వెనక మాయమయ్యాడు.

ఆ సాయంత్రం ధరణి గిన్నెలు చూసింది. ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో విన్నది. తనను ఇంత తేలిగ్గా, మూతలతో సహా, ఇంకొకరికి అప్పగించేసినవాడితో ఏం మాట్లాడాలి?

"గిన్నెలు బాగుండాయి," అని మాత్రం అంది.

"గ్యారంటీ కూడా ఉండాది," అన్నాడు మునీంద్ర.

తర్వాత మునీంద్ర ఎగ్జిబిషన్‌కి రాలేదు. వేసవి సెలవులు అయిపోయాయి. లండన్ వీధిని ముక్కలుగా విప్పి లారీల్లో ఎక్కించారు. కడప వెళ్ళాలి. తెల్లారేసరికి ఒక లారీకి డ్రైవర్ లేడు. ఆ డ్రైవర్ మునస్వామి ముందురోజు మధ్యాహ్నం "గంటలో దర్శనం చేసుకోనొస్తా" అని కొండెక్కాడు. ఇంకా కంపార్టుమెంటులోనే ఉన్నాడు. ఫోను కిందే ఇచ్చేశాడు.

ప్రేమానందం నుంచి మునీంద్రకి ఫోను వచ్చింది. "అప్పా, నీకు హెవీ లైసెన్సు ఉండాది గదా. పుణ్యముంటాది."

మునీంద్ర వద్దనబోయాడు. పంకజాక్షి అప్పటికే చెప్పులేసుకుంది.

"వీధి పోతుంటే నేనీడ ఉండి ఏం జేసేది? ఒకసారి అట్లనే ఉండిపోయినా, సాలు."

అలా లారీ ముందుభాగంలో స్టీరింగు దగ్గర మునీంద్ర, మధ్యలో పంకజాక్షి, కిటికీ పక్కన ధరణి కూర్చున్నారు. వెనక తాళ్ళతో కట్టిన మాంసం కొట్టు, పోస్టాఫీసు, బేకరీ. రేణిగుంట దాటారు, మామండూరు అడవి దాటారు. ధరణి కిటికీలోంచే చూస్తోంది. లారీ ఎంత నిదానంగా పోతోందంటే, వెనక నాలుగు లారీలు తోకలా వేలాడుతున్నాయి.

చివరికి మునీంద్ర గొంతు సవరించుకున్నాడు. "పెండ్లి కడపలోనేనా?"

"ఎవరిది?"

"నీది. మీ మామతో."

ధరణి మెల్లగా తల తిప్పింది. "మా మామ నన్ను చేసుకోకుండా తప్పించుకోడానికే ఊరూరూ ఎగ్జిబిషన్ తిప్పుతాండేది! నన్ను ఎత్తుకోని పెంచినోడు. నాకూ ఇష్టం లేదు, ఆయనకీ ఇష్టం లేదు. అవ్వకి చెప్పే దైర్నం ఇద్దరికీ లేదు. నీకెవరు చెప్పినారు?"

"నువ్వే. గుడారం వెనక..."

"తేల్చు అంటే వద్దని తేల్చమని!"

"మరి గిన్నెలు?"

"సాంబారు పెట్టుకుంటాండాం. ఏం, వాపసు కావాల్నా?"

లారీ ఆగిపోయింది. వెనక నాలుగు హారన్లు మోగాయి.

"ఒరే, తోలరా," అంది పంకజాక్షి. "కోడూరులో ప్రేమానందం టీకి ఆగుంటాడు. అడిగేది ఆడ అడుగు."

కోడూరు టీ అంగడి ముందు ప్రేమానందం గ్లాసు ఊదుకుంటున్నాడు. మునీంద్ర లారీ దిగి నేరుగా ఆయన ముందు నిలబడ్డాడు. అంత వేగంగా అతను నడవడం పంకజాక్షి ఎప్పుడూ చూడలేదు.

"మీ అక్క కూతుర్ని నాకిస్తారా?"

ప్రేమానందం టీ ఒలికింది. మొహం వెలిగిపోయింది. వెంటనే తాను పెద్దవాణ్ణని గుర్తొచ్చి, "ఆలోచించాలప్పా," అన్నాడు. గుక్కెడు తాగి, "ఆలోచించినా. తీసుకో," అన్నాడు. మళ్ళీ భయపడ్డాడు. "మా అమ్మకి ఎవరు చెప్తారు?"

పంకజాక్షి చెయ్యి చాచింది. ఫోను స్పీకర్లో పెట్టారు. నగరిలో ఉన్న ప్రేమానందం తల్లి వరదమ్మ అంతా వినింది.

"కూతుర్ని బయటికిచ్చినా," అంది చివరికి. "పండగ కోసం కాసుకోని కూసుంటి, పండగై పోతానే మళ్ళా ఏడిస్తి. మనవరాలన్నా నా ఇంట్లోనే ఉంటాదని కొడుక్కి అనుకున్నా. పరాయింటికి పోతే నా కంటికి కనపడతాదా?"

మేనరికాలు ఆస్తి కోసమని లోకం అనుకుంటుంది. వరదమ్మకి అది ఇంకొకసారి గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపకుండా తప్పించుకునే ఉపాయం.

"వరదమ్మా," అంది పంకజాక్షి మెత్తగా, "మా అమ్మ నన్ను విమానం ఎక్కించింది. మళ్ళా నేను వచ్చేలోపల కన్నుమూసె. దూరమంటే అది. తిరుపతి నించి నగరికి యాడుండాది? నువ్వు ఉలవచారు పొయ్యి మీద పెట్టి ఫోన్ చేస్తే, దించేలోపల పిల్ల వచ్చి నిలబడతాది."

"బస్సు దొరక్కపోతే?"

అందరూ మునీంద్ర వైపు చూశారు. "కారుండాది అవ్వా. నేనే పిలుచుకొస్తా."

"బిరబిరా తోలతావా?"

"అవ్వా," అంది ధరణి, "ఈయన తోలతాంటే ఎద్దులబండి హారన్ కొట్టి సైడు అడగతాది."

ఫోనులో మొదటిసారి నవ్వు వినిపించింది. "అట్లనా! అట్లయితే ఇస్తా." కాసేపాగి, "ప్రేమా, ఉండావా? నీకూ ఒకర్ని సూస్తా ఉండా," అంది. ప్రేమానందం గ్లాసు పెట్టేసి ముందు లారీ ఎక్కేశాడు.

మునీంద్ర కూడా లారీ ఎక్కబోతుంటే ధరణి అడ్డంగా నిలబడింది.

"మా మామనడిగినావు. మా అవ్వకి మాటిచ్చినావు. నన్నేమన్నా అడిగినావా?"

మునీంద్ర చుట్టూ చూశాడు. రోడ్డు మీద లారీలు, టీ అంగడి ముందు జనం. ధరణి కదల్లేదు.

"నువ్వు రంగు పోసిన చొక్కా ఉతికించలేదు," అన్నాడు. "అట్లనే మడిచి పెట్టినా. ఇది అడగడం అవతాదో లేదో నాకు తెలీదు. నన్ను చేసుకుంటావా?"

"ఇంతసేపూ నిచ్చెన మీద నిలబెట్టినావు గదబ్బా," అంది ధరణి. కళ్ళు తుడుచుకుని, "ఊ," అంది.

పంకజాక్షి అప్పటికే కిటికీ పక్కకి జరిగి కూర్చుంది. "నాకు గాలి కావాల. పాపా, నువ్వు మధ్యలో కూసో."

లారీ కదిలింది. కోడూరు మామిడి తోటలు వెనక్కి పోతున్నాయి. పంకజాక్షి కాసేపు అద్దంలో తన వీధిని చూసుకుంది.

"ధరణీ, కడపలో నిలబెట్టేటప్పుడు ఆ చివర బేకరీ మీద ఒక చిన్న మిద్దిల్లు గియ్యి. కిటికీకి తెర, గడప ముందు రెండు జతల చెప్పులు. అన్నీ కొట్లే ఉంటే సాలదు. వీధన్నాక ఎవరో ఒకరు కాపరముండాల."