బెత్తెడు తేడా

పొద్దున్నే జొన్నరొట్టె తుంచి, పప్పులో అద్ది, సుష్మ అత్తగారి నోటికి అందించింది. జమ్ములమ్మ కుడి చేతికి మోచేతి పైదాకా సిమెంటు కట్టు. ఇరవై రెండు రోజులుగా గద్వాలలోని ఆ ఇంట్లో పొద్దు ఇలాగే మొదలవుతోంది.

"గంత పెద్ద ముక్కనా? చెయ్యి ఇరగ్గొట్టినవ్, ఇగ గొంతుకు గూడ అడ్డం పెడ్తవా?" అంది జమ్ములమ్మ.

"చిన్నగ పెడ్త అత్తా."

అంతకు మించి సుష్మ ఏమీ అనదు. ఏమంటుంది పాపం! తప్పు తనదేనని అందరికంటే ముందు నమ్మింది ఆమే.

చెయ్యి విరిగిన రోజు అత్తాకోడళ్లు కారులో వనపర్తికి పోతున్నారు. వెనక సీటు నిండా చీరలు. పెబ్బేరు దాటాక బర్రె అడ్డం వస్తే సుష్మ బ్రేకు తొక్కింది. స్పీడు నలభై కూడా లేదు. అయినా కారు ఎడమకు గుంజుకుపోయి, రోడ్డు దిగి, కిలోమీటరు రాయికి కొట్టుకుంది. కారుకు పెద్దగా ఏమీ కాలేదు. జమ్ములమ్మ చెయ్యే విరిగింది.

విరిగింది మామూలు చెయ్యి కాదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. మామ మద్దిలేటి మగ్గం నడుమ కూర్చుని నేస్తుంటే, జమ్ములమ్మ పక్కన కూర్చుని పట్టుపోగు చుట్టిన అంచు నాడె విసిరేది. నూలుపోగుకు పట్టుపోగును మెలేసి పట్టించేది ఆ చెయ్యే. అది ఆగింది, మగ్గమూ ఆగింది. సగం నేసిన చీర అలాగే దుమ్ము పడుతోంది.

ఇక స్టీరింగు ముట్టనని సుష్మ ఆ మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు చీరలు చేర్చి, ఆర్డర్లు తెచ్చే కోడలు అప్పటి నుంచి గడప దాటలేదు. కారు ఇక ఎందుకు, అమ్మేద్దామన్నాడు ఆమె భర్త శ్రీశైలం. ప్రైవేటు బడిలో లెక్కల సారు. కొనేవాళ్లు కల్వకుర్తి నుంచి ఇవాళే పదింటికి వస్తున్నారు.

ఎనిమిదింటికి టైర్ల షాపు చోటే మియా వచ్చాడు. గాలి చూడమని మద్దిలేటే పిలిపించాడు. ఆయన్ను చూడగానే పేపరు చదువుతున్న శ్రీశైలం లేచి నిలబడ్డాడు.

"ఈయన్ను ఎందుకు పిలిచినవ్ నాయినా? నేను కొట్టియ్యకపోదునా గాలి?"

ఆ మాట పూర్తి కాకముందే చోటే మియా ముందు చక్రం దగ్గర కూర్చుని నోరు జారాడు.

"అరె శ్రీశైలం భాయ్, గిది ఇంకా తియ్యలేదా?"

సుష్మ చేతిలో నీళ్ల చెంబు ఆగిపోయింది. "ఏంది చాచా, తియ్యంది?"

చోటే మియా శ్రీశైలం దిక్కు చూశాడు. "ఏం లేదు బేటీ," అన్నాడు.

ఏం లేదంటే నమ్మే రోజులు ఆమెకు అక్కడితో అయిపోయాయి. చెంబు కింద పెట్టి, వంగి, టైరు మీది అంకెలు చదివింది. ఎడమ దాని మీద 185/65. కుడి దాని మీద 165/80.

"ఇవి వేరేవేరే సైజులు గద!"

మద్దిలేటి నవ్వేశాడు. "సైజు వేరైతేంది? నట్లు పట్టినయి గద. పాత టైరు పగిలినప్పుడు అలంపూర్ల పాత సామాన్లమ్మే ఎల్లన్నను అడిగి నేనే తెచ్చిన. కొత్తదాని లెక్కనే ఉండె. నూలుకు పట్టును కలిపి నేసినోన్ని, టైరుకు టైరు కలవదా?"

సుష్మ మగ్గం గదిలోకి పోయి పోగు తెచ్చింది. చోటే మియా జాకీ ఎత్తాడు. రెండు చక్రాల చుట్టూ పోగు చుట్టి, కొలత దగ్గర తెంపి, రెండు పోగులూ మామ చేతిలో పెట్టింది.

"నువ్వే చూడు మామా. కొలతల నీకు తెల్వనిదేముంది?"

మద్దిలేటి రెండింటినీ పిడికిట్లో పట్టి వేలాడేశాడు. బెత్తెడు తేడా. ఎడమ చక్రానిదే పొట్టిది. అంచు ఒక్క పోగు అటూ ఇటూ అయితే చీరంతా విప్పించే మనిషి. నవ్వు ముఖం మీదే చచ్చిపోయింది.

"బ్రేకు కొడితే బండి చిన్నదాని దిక్కు గుంజుతది," అన్నాడు చోటే మియా. "ఎక్కించిన నాడే చెప్పిన. వారం కంటే ఎక్కువ తిప్పొద్దన్న. మూడు నెలలాయె."

"ఎవరికి చెప్పినవ్ చాచా?"

ఆయన జాకీ పిడి తుడవసాగాడు. ఇంకెవరి పేరు చెప్పాలి?

శ్రీశైలం పేపరు మడిచాడు. "నాయిన అంత దూరం పోయి మోసుకొచ్చిండు. పనికిరాదంటే చిన్నబోతడని... మార్పిద్దామనే అనుకున్న. ఇంతల..."

"ఇంతల అత్త చెయ్యి ఇరిగింది. అప్పుడన్న చెప్పొచ్చు గద?"

"అప్పుడు చెప్తే నాయిన మీదికి పోతది గద సుష్మా."

"నా మీదికి పోతే ఫరక్ పడదా?"

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "బండి ఎడమకు గుంజుతుందని మూడుసార్లు చెప్పిన నీకు. నీ చేతుల బలం లేదన్నవ్. మీ అమ్మ తిడ్తుంటే, నేను ముద్ద పెడ్తుంటే, పక్కన కూసొని పేపరు చదివినవ్. మీ నాయిన చిన్నబోవద్దు, నేను మాత్రం సచ్చినట్టు పడి ఉండాలె. నా చేతులు జూస్తే నాకే భయమయ్యేటట్టు చేసినవ్ గదయ్యా!"

మద్దిలేటి చేతిలోంచి పోగులు జారాయి.

"నాకు ఒక్క మాట చెప్తే అప్పుడే పీకి పారేద్దును గదరా! చిన్నబోతనని దాచి, నా కోడలి ముందర నన్ను ఎంత చిన్నోన్ని జేసినవ్ రా," అన్నాడు. "కల్వకుర్తోళ్లకు ఫోన్ చెయ్యి. బండి అమ్మం," అని మగ్గం గదిలోకి పోయి కూర్చున్నాడు.

గంటలో చోటే మియా సరైన సైజు టైరు తెచ్చి ఎక్కించాడు. జమ్ములమ్మ పొద్దుటి నుంచి అరుగు మీద కూర్చుని అంతా వింటూనే ఉంది. ఆరోజు వనపర్తి దవాఖానలో కట్టు చూపించుకోవాలి. కొడుకుతో బస్సులో పోవాలన్నది ముందు అనుకున్నది.

"సుష్మా, తాళం తీస్కో," అంది.

"ఒట్టేసిన అత్తా."

"నా చెయ్యికోసమే గద ఏసినవ్. నేనే చెప్తున్న, తీస్కో." శ్రీశైలం వెనక తలుపు తీయబోయాడు. తల్లి అటు తిరిగి కూడా చూడలేదు. "నువ్వు బస్సుకు రా."

పెబ్బేరు దాటాక ఆ కిలోమీటరు రాయి కనిపించింది. సుష్మ కారు నెమ్మది చేసింది. ముందూ వెనకా బండ్లు లేవు. స్టీరింగు మీద బిగిసిన వేళ్లను కొంచెం వదులు చేసింది. కారు ఎటూ గుంజలేదు. నేరుగా పోతోంది.

అప్పుడొచ్చింది ఏడుపు, ఇరవై రెండు రోజులు ఆపుకున్నదంతా. కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. జమ్ములమ్మ ఎడమ చేత్తో కొంగు అందుకుని, రాని చేత్తో వచ్చినట్టు కోడలి ముఖం తుడిచింది.

"నా నోరు మంచిది గాదు బిడ్డా. ఎన్ని మాటలన్న నిన్ను!" అంది. ఆమె కళ్లలోనూ నీళ్లే. "ఇంటికి పోయినంక వాడు మాఫ్ చెయ్యమంటడు. చేస్తవా?"

"తెల్వదు అత్తా."

"తొందరపడి చెయ్యకు," అంది జమ్ములమ్మ. "నా కొడుకే. అయినా చెప్తున్న."

సుష్మ ముక్కు తుడుచుకుని గేరు వేసింది.