సలుద్ సాక్ష్యం

తెల్లవారి మొదటి లాంచీ కాట్బలోగన్ రేవుకు చేరేసరికి సలుద్ బాణలి పొయ్యి మీద ఉండాల్సిందే. వెల్లుల్లి ఎర్రగా వేగాక క్యాబేజీ, క్యారెట్ తురుము పడేసి, నానబెట్టిన బియ్యపు నూడుల్స్ వేసి, రెండు చేతుల్లో రెండు గరిటెలు పట్టుకుని ఎత్తి ఎత్తి కలిపేది. ఆ వాసనకి చేపల షెడ్డులో బుట్టలు మోసే హమాలీలు ఒక్కొక్కరే తలలు తిప్పేవాళ్ళు. పక్కనే స్టూలు మీద కోడలు జొవెలిన్ పలచటి పిండి రేకుల్లో పంది ఖైమా పెట్టి, అంచులు మడిచి నొక్కి, సియోమాయ్ కుడుముల్ని ఆవిరి గిన్నెలో పేర్చేది. బండికి ఒక చివర అత్త పొయ్యి, ఇంకో చివర కోడలి పొయ్యి. సలుద్ కొడుకు, జొవెలిన్ మొగుడు రోల్డాన్ ఎక్కిన చేపల పడవ తుపానులో మునిగిపోయాక, ఒక్క నూడుల్స్ అమ్మి ఇద్దరాడవాళ్ళూ ఒక పసిపిల్లా బతకలేరని తేలిపోయింది. అప్పుడు జొవెలిన్ ఎవరి దగ్గరో నేర్చుకుని వచ్చి పెట్టిన బేరం ఆ కుడుములు.

ఆ రోజు పొద్దున కూడా టాసియో అనే హమాలీ పళ్ళెం పట్టుకుని మొదలెట్టాడు.

"ఏంటి సలుదమ్మా, నూడుల్స్ పొట్టిగా తెగిపోయాయి? నూడుల్స్ ఎంత పొడుగో ఆయుష్షంత అంటారు, నా ఆయుష్షు తగ్గిద్దామనా?"

"నీ నాలుక కాస్త పొట్టిదైతే ఆయుష్షు అదే పెరుగుతుంది. తిను, తిని పో."

అందరూ నవ్వారు. జొవెలిన్ నవ్వలేదు. రద్దీ తగ్గేదాకా ఆగి, చేతులకంటిన పిండి తుడుచుకుంటూ మెల్లగా అంది.

"అమ్మా, వచ్చే గురువారం కోర్టులో విచారణ ఉంది."

"ఊఁ."

"లాయరమ్మ నిన్ను కూడా తీసుకురమ్మంది. పెద్దగా ఏం అడగరట. పడవ మునిగినప్పట్నుంచీ మా అబ్బాయి జాడ లేదు, చనిపోయాడనే అనుకుంటున్నాం అంటే చాలట. కన్నతల్లే ఆ మాట అన్నాక జడ్జిగారు ఇంక తవ్వరట."

సలుద్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నేను రాను," అంది.

మా దీవుల దేశంలో విడాకుల్లేవు. ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకోవాలంటే మొగుడు పోవాలి. శవం దొరకనివాడు పోయినట్టు కోర్టు చెప్పాలి. జొవెలిన్‌ని పెళ్ళి చేసుకుంటానని డోమింగో అడిగి చాలా కాలమైంది. చేపల పెట్టెలకి ఐసు గడ్డలు తోలే మనిషి అతను, భార్య జబ్బు చేసి పోయింది. మాట తక్కువ. రోజూ బండి దగ్గర నిలబడి కుడుములు తిని, ఖాళీ చేసిన పళ్ళెం తనే కడిగి పెట్టి వెళ్ళేవాడు. జొవెలిన్ కూతురు మికాకి జ్వరమొస్తే ఐసు బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సలుద్ అతని మీద ఎప్పుడూ ఒక్క మాట తూలలేదు. అందుకే ఆమె కాదంటుందని జొవెలిన్ అనుకోలేదు.

ఇంటికెళ్ళాక ఇంకోసారి అడిగింది. మర్నాడు మళ్ళీ అడిగింది. సలుద్ ఒంట్లో బాగాలేదంది, కోర్టు మెట్లెక్కలేనంది, ఆ తర్వాత ఏమీ అనడమే మానేసింది. బండి మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, మధ్యలో మాట లేదు. నిమ్మరసం సీసా కావాలన్నా వచ్చినవాళ్ళతో చెప్పి అందుకునేవాళ్ళు.

మంగళవారం పొద్దున్నుంచీ వాన. లాంచీలు రాలేదు. టార్పాలిన్ కింద ఒక్క గిరాకీ లేడు. ఆవిరి గిన్నె మూత చిన్నగా కొట్టుకుంటోంది. జొవెలిన్ ఇక ఉండబట్టలేకపోయింది.

"నీ కొడుకు ఎప్పటికైనా వస్తాడనే కదా నీ ఆశ? చూడు ఎదురు, నేను వద్దనను. నన్నెందుకు నీతోపాటు కట్టేస్తావు?"

"నేనెవర్నీ కట్టెయ్యలేదు."

"కట్టెయ్యకపోతే ఇదేంటి? ఎవరైనా శవం పక్కన ఒక రాత్రి కూచుంటారు. నేను శవం కూడా లేని చోట ఇన్నేళ్ళు కూచున్నా. నా వయసు ఈ ఆవిర్లో ఉడికిపోతోంది, కనపడ్డం లేదా నీకు?"

"కనపడుతోంది."

"మరి ఒక్క మాట! నీ నోటి నుంచి ఒక్క మాట అడిగాను. అంత బరువా?"

"బైబిలు మీద చెయ్యి పెట్టి ఆ మాట అనలేనే."

"ఎందుకనలేవు?"

సలుద్ చాలాసేపు బాణలిలోకే చూసింది. నూడుల్స్ అడుగంటుతున్నాయి, కలపలేదు.

"అబద్ధం కనక," అంది. "వాడు బతికే ఉన్నాడు."

జొవెలిన్‌కి ముందు అర్థం కాలేదు. ముసలిదాని పిచ్చి ఆశ ఇలా మాట్లాడుతోందనుకుంది. కానీ సలుద్ ముఖం ఆశపడేవాళ్ళ ముఖంలా లేదు. పట్టుబడ్డవాళ్ళ ముఖంలా ఉంది.

"ఎవరు చెప్పారు?"

"వాడే. మునిగిన మరుసటేడు, ఈస్టరుకి ముందు ఫోన్ చేశాడు. వేరే ఊరి ట్యూనా పడవ వాళ్ళు నీళ్ళలోంచి లాగారట. దక్షిణాన వాళ్ళ రేవుకే తీసుకుపోయారు. అక్కడే పనిలో కుదిరాడు. అక్కడ ఒకామె ఉంది. పిల్లలు కూడా. 'నేను పోయాననే అనుకోనీ అమ్మా, జొవెలిన్‌కి చెప్పకు' అన్నాడు."

జొవెలిన్ అరవలేదు. వంగి తన పొయ్యి ఆర్పేసింది.

"ప్రతి ఏడూ సమాధుల పండక్కి ఉత్త శిలువ ముందు నేనూ నా బిడ్డా మోకాళ్ళ మీద కూచున్నాం. నువ్వు పక్కనే నిలబడి ఏడ్చావు. అదంతా నాటకమా?"

"ఏడుపు నిజమేనే. వాడు బతికున్నందుకే ఏడ్చాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మికాని తీసుకుని మీ అక్క దగ్గరికి వెళ్ళిపోతావనుకున్నా. వాడు రాడు. నువ్వూ పోతే నాకెవరున్నారు?"

"అంటే, నా మొగుణ్ణి చంపి నన్ను ఉంచుకున్నావన్నమాట."

జొవెలిన్ ఆప్రాన్ విప్పి స్టూలు మీద పడేసి, గొడుగైనా లేకుండా వానలో నడిచి వెళ్ళిపోయింది. సలుద్ ఇంటికి వచ్చేసరికి మికా స్కూలు సంచీ కూడా లేదు.

బుధవారం సలుద్ ఒక్కతే బండి తెరిచింది. కోడలు కలిపి ఉంచిన ఖైమాని పారెయ్యడం ఇష్టంలేక కుడుములు తనే చుట్టబోయింది. మడతలు కుదరలేదు. ఆవిరికి విచ్చుకుపోయి ఖైమా అంతా నీళ్ళలో తేలింది.

"ఏంటిది, పులుసా?" అన్నాడు టాసియో గిన్నెలోకి తొంగిచూసి. "కోడలు అలిగిందా ఏంటి?"

ఎప్పుడూ ఒకటికి రెండు అప్పజెప్పే సలుద్ ఏమీ అనకుండా మూత పెట్టేసింది. టాసియో కాసేపు తచ్చాడి, "నూడుల్సే పెట్టు, చాల్లే," అని తల వంచుకుని తిన్నాడు.

మధ్యాహ్నం ఆమె చర్చి వెనక గోడ దగ్గరికెళ్ళి కొడుక్కి ఫోన్ చేసింది. ఇన్నేళ్ళూ అతను చేసినప్పుడు మాట్లాడటమే తప్ప తనుగా ఎప్పుడూ చెయ్యలేదు. కోర్టు సంగతి చెప్పింది. ఒకసారి వచ్చి నీ నోటితో నువ్వే జొవెలిన్‌కి చెప్పుకో నాయనా అని బతిమాలింది.

"ఇప్పుడదంతా ఎందుకమ్మా?" అన్నాడు రోల్డాన్. "చచ్చిపోయాననే చెప్పెయ్. దానికి పెళ్ళవుతుంది, నాకు గొడవ ఉండదు. అందరికీ హాయి."

వెనక ఎవరో చిన్నపిల్ల నాన్నా నాన్నా అని పిలుస్తోంది. వస్తున్నానమ్మా అని అటు తిరిగి ముద్దుగా అన్నాడు. ఇటు మళ్ళీ, "ఇంకేంటమ్మా?" అన్నాడు. మికా ఎలా ఉందని అడుగుతాడేమోనని సలుద్ కాసేపు ఆగింది. అతను అడగలేదు. ఇంతకుముందు కూడా ఎప్పుడూ అడగలేదన్న సంగతి అప్పుడు తట్టింది ఆమెకి. వాడు అడగకపోయినా తనే చెప్పేది, పళ్ళూడాయని, చదువులో ఫస్టొచ్చిందని. వాడు ఊఁ కొడితే అడిగినట్టే అనుకుని మురిసిపోయేది. ఈ గొంతు కోసమా తను ఇద్దరాడపిల్లల్ని ఇన్నేళ్ళు మోసం చేసింది? ఫోన్ పెట్టేసి, గోడకి నుదురు ఆనించి, నోట్లో ఆప్రాన్ అంచు కుక్కుకుని ఏడ్చింది.

సాయంత్రం సలుద్ వెళ్ళి జొవెలిన్ అక్క ఇంటి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"రేపు వస్తాను," అంది. "వాడు పోయాడనే చెబుతాను. పాపం నాది, నీక్కాదు."

జొవెలిన్ ఆమె వైపు చూడనైనా చూడలేదు. "తొమ్మిదింటికి," అని తలుపేసుకుంది.

గురువారం కోర్టు వరండాలో ముగ్గురూ వరసగా కూచున్నారు, లాయరమ్మ, జొవెలిన్, సలుద్. సలుద్ చర్చికి వేసుకెళ్ళే తెల్ల గౌను తొడుక్కుంది. పెదవులు కదులుతున్నాయి. జపం చేసుకుంటోందనుకుంది జొవెలిన్. వంగి వింటే జపం కాదు. "నా కొడుకు పోయాడు. నా కొడుకు పోయాడు." తడబడకుండా అనడానికి సాధన చేస్తోంది. ప్రతిసారీ చివర గుండె మీద శిలువ గుర్తు వేసుకుంటోంది.

బంట్రోతు పేరు పిలిచాడు. సలుద్ లేచింది. జొవెలిన్ ఆమె చెయ్యి పట్టుకుని లాగి కూచోబెట్టింది.

"వద్దమ్మా."

"చెప్పగలనే. చెబుతాను."

"చెప్పగలవు. నువ్వది చెప్పాక ఇంటికెళ్ళి మికా ముఖం నేనెలా చూడాలి?" లాయరు వైపు తిరిగింది. "మేడమ్, కేసు వెనక్కి తీసుకుంటాను. ఆయన బతికే ఉన్నాడని తెలిసింది."

లాయరమ్మ నిర్ఘాంతపోయింది. కోప్పడింది. ఈ మాట ముందే చెప్పాల్సిందంటూ విసవిసా లోపలికి వెళ్ళింది.

బయట చూరు కింద డోమింగో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జుట్టు తడిపి దువ్వుకున్నాడు.

"అయిపోయిందా?"

"అవ్వలేదు. ఇంక అవ్వదు. అతను బతికే ఉన్నాడు, డోమింగో. మనకి పెళ్ళి లేదు."

"ఎప్పటికీనా?"

"అతను నిజంగా పోయేదాకా."

డోమింగో వాళ్ళకి వీపు తిప్పి రోడ్డు అంచుదాకా నడిచాడు. ఒక జీపు వెళ్ళిపోయింది, ఇంకొకటి కూడా. అతనలాగే వెళ్ళిపోతాడనుకుంది జొవెలిన్. పిలవడానికి నోరు రాలేదు. పిలిచింది సలుద్.

"డోమింగో! సాయంత్రం బట్టలు సర్దుకుని ఇంటికి రా."

ఇద్దరూ ఆమె వైపు చూశారు. పెళ్ళి కాకుండా కలిసి ఉంటున్నారని పక్క వీధి జంట ఇంటి నుంచి పళ్ళెం వస్తే ముట్టని మనిషి ఆమె.

"అమ్మా, ఫాదర్ ఊరుకోడు. పూజలో మా చేతికి సత్ప్రసాదం ఇవ్వడు," అన్నాడు డోమింగో.

"నాకూ ఇవ్వద్దని చెబుతాను. నేను చేసిన దానికి నాకే ముందు ఆపాలి." కళ్ళు తుడుచుకుంది. "ఉంటావా, పోతావా? అది చెప్పు."

డోమింగో జొవెలిన్‌ని చూశాడు. "ఉంటాను," అన్నాడు.

ఇంటికి నడుస్తూ జొవెలిన్ అంది, "నిన్ను క్షమించానని అనుకోకు."

"అనుకోను."

"మికాకి ఎవరు చెబుతారు?"

"నేనే. అబద్ధం నాది."

ఇంటికే రమ్మని కబురు పంపి, మికా స్కూలు నుంచి వచ్చేదాకా ఇద్దరూ వంటింటి బల్ల దగ్గరే కూచున్నారు. పిల్ల రాగానే సలుద్ దగ్గరికి తీసుకుని, దాచకుండా చెప్పింది. నాన్న సముద్రంలో పోలేదని, దూరాన ఒక రేవులో ఉన్నాడని, ఆ సంగతి తెలిసీ నాన్నమ్మే దాచిందని. మికా ముఖం ముందు వెలిగిపోయింది. అది చూడటమే ఇద్దరికీ అన్నిటికన్నా కష్టమైంది.

"అయితే వస్తాడా?"

"రాడు తల్లీ."

"ఇంటికి దారి మర్చిపోయాడా?"

మర్చిపోయాడమ్మా అంటే సరిపోయేది. పిల్ల నమ్మేది. సలుద్ నోటిదాకా వచ్చింది ఆ మాట. జొవెలిన్ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"లేదు తల్లీ," అంది సలుద్. "దారి తెలుసు. తెలిసే రాలేదు."

మికా నాన్నమ్మ ఒళ్ళో తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాన్న పోయాడన్నప్పుడు ఆ పిల్ల మరీ చిన్నది, ఏడవడం తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. సలుద్ కూడా ఆ చిన్న వీపు మీదికి వంగిపోయి ఏడుస్తోంది. జొవెలిన్ చాలాసేపు బల్లకి అవతలే కూచుంది. ఆ తర్వాత లేచి వచ్చి, కూతుర్ని ఒక చేత్తో, అత్తని ఒక చేత్తో పొదివి పట్టుకుంది.